బావా, ఇనపడ్తాందా?

2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్‌జీ మొబైల్ ఒకటి. అక్టోబర్ 30కి ఆట మన దేశంలో పూర్తిగా ఆగిపోయింది. కరోనాకు కాలేజీలు మూతపడి, రాత్రుళ్లు ఫోన్లో అరుచుకుంటూ ఆడే పిల్లలకు దిక్కు తోచలేదు.

ఎమ్మిగనూరులో ఒక నేతగాళ్ల ఇల్లు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. ఆ ఇంటి పిల్లాడికి ఆన్‌లైన్ క్లాసులకని పాత డెస్క్‌టాప్ కొనిచ్చారు. ఆదోనిలో అతని మేనత్త కొడుకు ఉన్నాడు. వాళ్ల నాన్న పత్తి మండీలో గుమాస్తా. బావాబామ్మర్దులిద్దరూ కలిసి వాలరెంట్‌కు మారారు. ఆ జూన్‌లోనే వచ్చిన ఆట, పైసా అక్కర్లేదు, పాత కంప్యూటర్ మీదా నడుస్తుంది. జట్టుకు ఐదుగురు. శత్రువు ఏ మూల నక్కాడో నోటితో చెప్పుకోకపోతే ఓటమి ఖాయం.

"బావా, ఇనపడ్తాందా?"

"మాట్లాడప్పా! ఏం, మూగనోము పట్టినావా?"

బావ గొంతు వీడికి చక్కగా వినిపిస్తోంది. వీడి గొంతే అటు పోవడం లేదు. 'నాకు నువ్వు ఇనపడ్తాండావ్' అని టైపు కొట్టేలోపు వీణ్ని కాల్చేశారు.

"సచ్చినాంక టైపు చేస్తే ఏం లాభం రా? హెడ్‌సెట్ పోయుంటాది, పారెయ్."

పారేయడానికి మనసొప్పలేదు. ఫోన్లో నిన్నటిదాకా పనిచేసిందే. మూతికి మాస్కు కట్టుకుని ఆదోని బస్సెక్కాడు, దాదాపు 30 కిలోమీటర్లు. బావ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే మొదటి మాటకే పలికింది! ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

గుట్టు పిన్నులో ఉంది. దాని మీద మూడు నల్ల గీతలు, అంటే నాలుగు ముక్కలు: ఎడమ చెవి, కుడి చెవి, ఎర్త్, మైకు. ఫోన్లకు, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఈ నాలుగూ తెలుసు. పాత డెస్క్‌టాప్‌లో పాటకు పచ్చ రంధ్రం, మాటకు గులాబీ రంధ్రం వేరువేరుగా ఉంటాయి. పచ్చదానికి మూడు ముక్కలే తెలుసు. నాలుగోది అందులో ఎర్త్‌కు తగిలి ఊరుకుంటుంది. అందుకే చెవులు పనిచేశాయి, నోరు పడిపోయింది. పైగా ఇలాంటి హెడ్‌సెట్లలో ఉండేది ఎలక్ట్రెట్ మైకు, 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ కనిపెట్టిన రకం. దానికి కాస్త కరెంటు అందాలి. ఆ కరెంటు వచ్చేది గులాబీ రంధ్రం నుంచే. మన ఊళ్లలో ఈ ఒక్క సంగతి తెలియక చెత్తబుట్టలో పడ్డ మంచి హెడ్‌సెట్లు ఎన్నో!

ఎమ్మిగనూరు తిరిగొచ్చి, చెవులను పచ్చదానికి, మైకును గులాబీదానికి పంచే రెండు తోకల వైరు సెల్ షాపులో అడిగాడు. షాపతను ఇచ్చాడు. ఇంటికొచ్చి తగిలిస్తే మళ్లీ మూగే. ఒకే పాటను ఇద్దరు వినడానికి వాడే వైరది, చూపుకు కవల పిల్లలే. అసలు వైరుకు ఒక తోక మీద హెడ్‌ఫోన్ బొమ్మ, ఇంకోదాని మీద మైకు బొమ్మ ఉంటాయి.

"రెండు తోకల్దే కదప్పా అడిగినావు?" అన్నాడు షాపతను, మార్చి ఇస్తూ. అతని తప్పేముంది?

సరైన వైరును క్యాబినెట్ ముందువైపు గుచ్చాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అసెంబుల్ చేసినవాళ్లు ముందు సాకెట్ల వైరు లోపల బోర్డుకు కలపనే లేదు. వెనక్కి మార్చాడు. ఈసారి విండోస్ సౌండ్ సెట్టింగుల్లో రికార్డింగ్ పేజీ తెరిచి "హలో" అంటే పచ్చగీతలు ఎగిరాయి. ఆటలో మాత్రం నిశ్శబ్దమే. ప్రైవసీ పేజీలో, మైకును యాప్‌లు వాడుకోవచ్చన్న మీట ఎప్పుడో ఆపేసి ఉంది. అది వేశాడు. ఆటలో కూడా వెబ్‌క్యామ్ మైకు తీసేసి హెడ్‌సెట్ మైకు ఎంచుకున్నాడు.

"బావా..."

"వచ్చె! వచ్చె రా గొంతు!"

ఆ సాయంత్రం మొదటి రౌండు. బావ గోడ చాటున నక్కాడు. చెవిలో టక్, టక్, టక్.

"వెనకాల ఎవడో నడుస్తాండాడు!" అని గిర్రున వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. ముందునుంచి వచ్చినవాడు కాల్చేశాడు.

"అది నాయిన మగ్గం బావా," అన్నాడు వీడు నసుగుతూ.

చేతులు ఖాళీ ఉండవని మైకును ఎప్పుడూ తెరిచే ఉంచాడు. నాడె అటూ ఇటూ పోతున్న చప్పుడు, పలక దెబ్బ, అన్నీ జట్టు చెవుల్లో పడుతున్నాయి.

"నాయినా, రోంత సేపు నిలబెట్టు!" అని కేకేశాడు.

"నీ ఆటకు కూడు పెట్టేది ఇదే రా!" మగ్గం గుంటలోంచి జవాబొచ్చింది. నాడె ఆగలేదు.

నొక్కినప్పుడే మైకు తెరుచుకునేలా సెట్టింగు మార్చి, 'వి' మీట మీద బొటనవేలు పెట్టాడు.

"బీలో ఇద్దరుండారు బావా. పెట్టె ఎనక ఒకడు."

"పట్టినా!"