మన బడి చేను, వ్యవసాయం మాస్టారు

మన బడి ఉత్తరపు గోడ వెంబడి, ఇప్పుడు సైకిలు షెడ్డు, వంటగది ఉన్నచోట ఒకప్పుడు ఎకరం చేను ఉండేదంటే ఈనాటి పిల్లలు నమ్మరు. ఆ చేను గురించి, దాన్ని నడిపిన మాస్టారి గురించి ఎక్కడా రాసి లేదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లలో ఒకడిగా నాకు గుర్తున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ చదువు ఎలా వచ్చిందో చెప్పాలి. 1952-53లో డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన మాధ్యమిక విద్యా కమిషన్ పనిచేసింది. హైస్కూలు చదువు కాలేజీకి మెట్టుగా మాత్రమే ఉండకూడదని, పిల్లల అభిరుచిని బట్టి ఏడు రకాల గ్రూపులు ఉండాలని సిఫారసు చేసింది. వాటిలో వ్యవసాయం ఒకటి. ఆ సిఫారసు వల్ల వచ్చినవే మల్టీపర్పస్ హైస్కూళ్లు. మన బడికి వ్యవసాయం గ్రూపు అలా వచ్చింది. దాంతోపాటే బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివిన మాస్టారూ వచ్చారు.

నేను ఆ గ్రూపులో చేరింది ఇష్టపడి కాదు, లెక్కల్లో మార్కులు చాలక. మాలో చాలామంది సంగతి అదే. మా నాన్నగారైతే "దుక్కి దున్నడం నేర్చుకోవడానికి బడికి వెళ్లాలట్రా?" అన్నారు. ఆ మాటా తీసేయదగ్గది కాదు. పొలం పని తప్పుతుందనే కదా పిల్లల్ని బడికి పంపింది! మాస్టారి ఉద్యోగమంతా ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడంతోనే గడిచింది.

ఒక సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చారు. ఆకుమడికి విత్తనం సిద్ధం చేసుకునే రోజులు. నాన్నగారితో వాదన పెట్టుకోలేదు. ఒక బానలో నీళ్లు, కాస్త ఉప్పు, ఒక కోడిగుడ్డు అడిగారు. నీళ్లలో వేస్తే గుడ్డు మునిగింది. అది తేలేదాకా ఉప్పు కలిపించి, గుడ్డు తీసి, అందులో మా విత్తనం పోయించారు. తాలు గింజలు, సగం సగం పాలు పోసుకున్న గింజలు పైకి తేలాయి. వాటిని తీసేసి, మునిగిన విత్తనాన్ని మంచినీళ్లతో బాగా కడిగించారు. "ఉప్పు ఉండిపోతే మొలక దెబ్బతింటుందండీ" అన్నారు. నాన్నగారు తేలిన గింజల్ని దోసిట్లోకి తీసుకుని చూస్తూ, "ఇన్నేళ్లూ ఇదంతా మడిలో చల్లామన్నమాట" అన్నారు. మళ్లీ గ్రూపు మాట ఎత్తలేదు.

దమ్ము, ఊడ్పు, కోత మాకు తెలిసిన పనులే. మాస్టారు వాటిని రాయడం నేర్పారు. ఒక్కొక్కరికి సెంటు మడి, ఒక నోటు పుస్తకం. ఏ రోజు ఊడ్చాం, కుదురుకీ కుదురుకీ ఎంత దూరం, జీలుగ ఎప్పుడు తొక్కాం, ఎరువు ఎంత, గింజ ఎంత. ఆఖరి పేజీలో ఒక ప్రశ్న: "వచ్చే ఏడు ఏం మారుస్తావు?" ఎక్కువ మార్కులు ఆ జవాబుకే.

ఒకసారి ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని శిక్షగా చేలో కలుపు తీయమని పంపారు. మాస్టారు వాళ్లను తిప్పి పంపేశారు. క్లాసుకి వచ్చి, "కలుపు తీయడం శిక్ష అయితే, తెల్లారకుండానే చేలోకి వెళ్లిన మీ అమ్మ ఏం తప్పు చేసిందిరా?" అన్నారు. మాలో సగంమంది తల్లులు కూలికి వెళ్లేవాళ్లే. ఎవరూ తలెత్తలేదు. ఆ తర్వాత మన చేలోకి శిక్ష పేరుతో ఎవరినీ పంపలేదు.

1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్.8 వంగడాన్ని విడుదల చేసింది. మన పశ్చిమ గోదావరిలోనే, ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు 1967లో దాన్ని పండించి పేరు తెచ్చుకున్నారు. మరుసటి దాళ్వాకి మాస్టారు మన చేలో అదే వేయించారు. దిగుబడి చూడడానికి ఊరంతా వచ్చింది. తీరా అన్నం తిన్నాక "మరీ ముతక బియ్యం, మాస్టారూ" అన్నారు. గడ్డి పొట్టి, పశువులకు చాలదన్నారు. ఆయన చిన్నబుచ్చుకోలేదు. ఆ రెండు మాటలూ మా పుస్తకాల్లో దిగుబడి పక్కనే రాయించారు.

1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ మొదలయ్యాక హైస్కూళ్లలో గ్రూపులకు చోటు పోయింది. మాస్టారికి సబ్జెక్టు లేకుండా పోయింది. రిటైరయ్యేదాకా సైన్సు చెప్పారు, ఎవరైనా రాకపోతే వాళ్ల పీరియడు చూశారు. చేను కౌలుకిచ్చారు. తర్వాత గదులు లేచాయి. ఆయన దీని గురించి ఎవరినీ ఒక్క మాట అనగా మేం వినలేదు.

వీడ్కోలు సభలో శాలువా కప్పాక మా బ్యాచ్ వాళ్లను ఒక్కటే అడిగారు: "మీ నోటు పుస్తకాలు ఉన్నాయట్రా?" ఒక్కడు చెయ్యెత్తాడు. నాది ఎప్పుడో పాత కాగితాల్లో వేసేశాం. ఆ సంగతి ఆయనతో చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

వంటగది వెనుక ఇంకా పది సెంట్ల ఖాళీ జాగా ఉంది. దాన్ని బాగుచేసి తొమ్మిదో తరగతి పిల్లలకు తలా ఒక చిన్న మడి, ఒక నోటు పుస్తకం ఇద్దామని మన సంఘానికి నా మనవి. మధ్యాహ్న భోజనానికి నాలుగు ఆకుకూరలైనా వస్తాయి. మొదటి ఏడాది పుస్తకాల ఖర్చు నాది. ఆఖరి పేజీలో మాస్టారి ప్రశ్న మాత్రం అచ్చువేయించాలి.