మెట్ల దీపపు వైరింగు

మెట్ల దీపపు వైరింగు అనగా ఒకే దీపమును రెండు లేక అంతకంటే ఎక్కువ చోట్ల నుండి వెలిగించుటకు, ఆర్పుటకు వీలుగా స్విచ్చులను కలిపే విధానము. దీనిని స్టెయిర్‌కేస్ వైరింగ్ అని కూడా అంటారు. మేడమెట్లకే కాక పొడవాటి వసారాలకు, పడకగదులకు (తలుపు వద్ద ఒకటి, మంచము ప్రక్కన ఒకటి) ఈ విధానమును వాడతారు. ఇందులో వాడే స్విచ్చిని భారతదేశములోను, బ్రిటనులోను టూ-వే స్విచ్చి అంటారు. అదే స్విచ్చికి అమెరికాలో పేరు త్రీ-వే స్విచ్చి. అమెరికా పుస్తకములలోని పటములను చూసేవారు ఈ తేడాను గమనించాలి.

అమరిక

సాధారణ స్విచ్చికి రెండు టెర్మినళ్ళు ఉంటే, టూ-వే స్విచ్చికి మూడు ఉంటాయి. వాటిలో ఒకటి కామన్. మీట ఎటు నొక్కినా కామన్ మిగిలిన రెండింటిలో ఏదో ఒకదానితో కలిసే ఉంటుంది. ఫేజు తీగను మొదటి స్విచ్చి కామన్‌కు, రెండవ స్విచ్చి కామన్ నుండి వచ్చే తీగను దీపమునకు కలపాలి. రెండు స్విచ్చులలో మిగిలిన టెర్మినళ్ళను జంట తీగలతో ఒకదానికొకటి కలపాలి. న్యూట్రల్ నేరుగా దీపమునకు పోతుంది. రెండు కామన్‌లు ఒకే జంట తీగను తాకినప్పుడు వలయము పూర్తయి దీపము వెలుగుతుంది. ఏ మీటను మార్చినా దీపము స్థితి మారుతుంది.

మూడవ చోటు కావలసినచో జంట తీగల మధ్యలో నాలుగు టెర్మినళ్ళ ఇంటర్మీడియట్ స్విచ్చిని చేర్చాలి. ఇది రెండు తీగలను ఒకసారి తిన్నగాను, ఒకసారి అడ్డముగాను కలుపుతుంది. ఎన్ని అంతస్తులున్నా మొదట, చివర టూ-వే స్విచ్చులే, మధ్యవన్నీ ఇంటర్మీడియట్‌లే. గోడౌన్ వైరింగు దీనికంటే వేరు. అందులో మనిషి ముందుకు నడిచేకొద్దీ ఒక్కొక్క దీపము వెలుగుతూ, వెనుకది ఆరుతూ ఉంటుంది.

ఇల్లంతా ఒకే పద్ధతి

జంట తీగలను ఒక కొసన తారుమారు చేసినా దీపము పనిచేస్తుంది. అయితే మీటలు రెండూ ఒకే వైపు ఉన్నప్పుడు వెలగవలసిన దీపము, ఎదురెదురు వైపుల ఉన్నప్పుడు వెలుగుతుంది. ఒక మెట్ల వద్ద ఒక విధముగా, మరొక చోట మరొక విధముగా బిగిస్తే, కరెంటు పోయినప్పుడు ఏ దీపము వేసి ఉన్నదో మీటలను చూసి చెప్పలేము. కనుక ఇల్లంతటా ఒకే వరుస పాటించుట మేలు. ఇంటికి సింగిల్ ఫేజు సరఫరా ఉంటే ఫేజుకు ఎరుపు, జంట తీగలకు పసుపు, నీలము తీగలు వాడవచ్చు. నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్తుకు మాత్రమే వాడాలి.

పొరపాట్లు

తరచుగా జరిగే పొరపాటు కామన్‌లో పోవలసిన తీగను జంట తీగల టెర్మినల్‌లో బిగించుట. అప్పుడు ఒక స్విచ్చి ఒక వైపు ఉంటేనే రెండవది పనిచేస్తుంది. బల్బు మార్చినా ఈ లోపము పోదు. మేడ పైన న్యూట్రల్ దగ్గరగా ఉన్నదని వేరే సర్క్యూటు నుండి తెచ్చి కలపడము మరొకటి. ఆ రెండు సర్క్యూట్లు వేర్వేరు ఆర్‌సీసీబీల క్రింద ఉంటే దీపము వేయగానే ట్రిప్ అవుతుంది. అంతకంటే ముప్పు ఏమిటంటే, ఒక సర్క్యూటును ఆపి పని మొదలుపెట్టిన వ్యక్తికి ఆ న్యూట్రల్ తీగ షాక్ కొట్టవచ్చు.

తీగ ఆదా కొరకు ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ప్రతి స్విచ్చికి ఇచ్చి, దీపమును రెండు కామన్‌ల మధ్య కలిపే పాత పద్ధతి ఒకటి ఉన్నది. ఇందులో దీపము ఆరి ఉన్నప్పటికీ హోల్డరు రెండు కొసలలోను ఫేజు ఉండవచ్చు. స్విచ్చి ఫేజులోనే ఉండాలన్న భారత ప్రమాణము ఐ.ఎస్. 732 నియమమునకు ఇది విరుద్ధము. సరియైన వైరింగులో కూడా మీటను చూసి విద్యుత్తు ఆగినదని నిర్ణయించరాదు. క్రింద ఎవరైనా మీట నొక్కితే పైన హోల్డరులోకి ఫేజు వస్తుంది. బల్బు హోల్డరును విప్పే ముందు ఆ సర్క్యూటు ఎం.సి.బి.ని ఆపి, టెస్టరుతో చూడాలి.