మస్తిష్క రక్తలోపము - నాడీకణ రక్షణ

రాయచూరు మండలమున, విశేషించి తుంగభద్ర కాలువ నీటిని నమ్మి వచ్చి సింధనూరు ప్రాంతమున స్థిరపడిన ఆంధ్ర రైతుల క్యాంపులలో, భోజనము చేయుచున్న మనిషి చేతినుండి అన్నపు ముద్ద జారి, మూతి వంకరపోయి, మాట తడబడినచో, కాలూ చెయ్యీ పడిపోయినవని ఇంటివారు గ్రహింతురు. రక్తనాళము పూడుకొని అట్లు రక్తము చాలక కొట్టుకొనుచున్న మెదడు కణములను బ్రతికించుకొను యత్నమే నాడీకణ రక్షణము.

ఆ కణము ఏల చచ్చునో తెలియుటకు ముందు, దేనివలన బ్రతుకునో తెలియవలసి వచ్చెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కూడి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ప్రాణికణములకు శక్తినిచ్చు ఏటీపీని కనుగొనెను. అదే యేట జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు సైతము ఏటీపీని స్వతంత్రముగ గుర్తించెను. మెదడున ఈ శక్తికి చెప్పుకోదగిన నిలువ లేదు. రక్తము ఆగిన కొలది నిమిషములలో ఏటీపీ తరిగిపోగా, సోడియమును వెలికి నెట్టు పంపులు నిలిచిపోవును, నాడీకణముల నడుమ సందేశము మోయు గ్లూటమేటు పొంగిపొరలును, కాల్షియము లోనికి చొచ్చి కణమును హరించును. గ్లూటమేటు మితిమీరినచో విషమగునని 1969లో ఓల్నీ అను పరిశోధకుడు చూపెను. 1970ల చివర ఆస్ట్రప్, సైమన్ ప్రభృతులగు పరిశోధకులు మరియొక ఆశాజనకమగు సత్యమును వెల్లడించిరి: పూర్తిగ చచ్చిన భాగము చుట్టును, పని మానియు ప్రాణము వీడని కణముల వలయము కొంతసేపు నిలిచియుండును.

ఆ వలయమును మందుతో కాపాడవలెనని దశాబ్దముల తరబడి జరిగిన కృషి హృదయవిదారకమైనది. 2006 నాటికి పరీక్షింపబడిన చికిత్సలు 1,026. ఎలుకలయందు ఫలించినవి పెక్కులు మనుష్యులయందు విఫలమయ్యెను. ఎంతో ఆశ గొలిపిన ఎన్‌ఎక్స్‌వై-059 అను మందు సైతము 2007లో వమ్మయ్యెను. ఎలుకకు మందు తరచుగ నిమిషములలో అందును, రోగికి గంటలు గడచును. నా తలంపున వైఫల్యమునకిది ముఖ్యకారణము. అయితే గడ్డను కరిగించి రక్తమును మరల పారించు మందగు ఆల్టెప్లేజ్ 1995లో సఫలమై, తొలుత 3 గంటలకును, పిదప 4.5 గంటలకును గడువు పొందెను. 24 గంటలలోపు ఆరంభింపదగిన సోవాటెల్‌టైడ్ అను మందునకు 2023లో భారతదేశమున అనుమతి లభించెను.

ఈ గడువులను మండలపు దూరములతో పోల్చి చూడవలెను. రాయచూరున ప్రభుత్వ వైద్య విజ్ఞాన సంస్థ, అనగా రిమ్స్, 2007లో నెలకొన్నది. సింధనూరునుండి రాయచూరునకు 80 కిలోమీటర్లకు పైబడిన దారి. పెద్ద నాళము మూసుకొన్నచో నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో సేవర్ అను వైద్యుడు లెక్క కట్టెను. ఆ లెక్కన గంటన్నర ప్రయాణమున 17 కోట్లు పోవును. గడువు లెక్కించుటకై వైద్యులు తొలుత అడుగునది రోగి చివరిసారి ఎప్పుడు బాగుండెనని. నిద్రలో కాలూ చెయ్యీ పడిపోయినచో, మేల్కొన్న వేళను గాక పడుకొన్న వేళనే ఇంటివారు చెప్పవలెను.