కడితం, మస్టరు, గణనపత్రం

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలంలోని బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. తొలివిడతకు దేశంలో ఎంపికైనవి 200 జిల్లాలు. అందులో నాటి ఆంధ్రప్రదేశ్‌వి 13. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే ఎరిగిన పీఠభూమిలో, వేరుశనగ ఎండిపోయిన ఏటి కూలికి ప్రభుత్వమే పూచీ పడడాన్ని గురించి చాలామంది వ్రాశారు. నేను వ్రాయదలచినది ఆ సభ వెనుక నిశ్శబ్దంగా ఉన్న మరొక వస్తువును గురించి. అది పట్టిక. ఎవరు, ఏ పనికి, ఎన్ని రోజులు, ఎంత కూలి అన్న గడులు నిండితేనే డబ్బు చేతికొస్తుంది. జిల్లా అంతటికీ వారం వారం ఆ గడులు నింపడం గుమాస్తాల వల్ల అయ్యే పని కాదు. ప్రోగ్రాము వ్రాయవలసిందే.

ఈ సీమకు పట్టికలు కొత్తవి కావు. తెలుగు, కన్నడ నాడుల్లో గుడ్డకు చింతగింజల అంబలీ బొగ్గుపొడీ పట్టించి, మడతలు పెట్టి, దానిమీద బలపంతో లెక్కలు వ్రాసేవారు. అదే కడితం. తుడిచి మళ్ళీ వ్రాసుకోవచ్చు. దాని సౌకర్యమూ అదే, ప్రమాదమూ అదే.

నిజాం 1800లో దత్తమండలాలను కంపెనీకి అప్పగించాక, థామస్ మన్రో 1807 వరకు అనంతపురం కేంద్రంగా వాటికి ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. 1802 నుంచి పొలం పొలం కొలిపించాడు. కొలతకు 33 అడుగుల గొలుసు. ఆ గొలుసు చదరం ఒక గుంట, నలభై గుంటలు ఎకరం. (33ను 33తో, ఆపైన 40తో గుణించి చూడండి. 43,560 చదరపుటడుగులు, ఎకరానికి ఒక్క అడుగు తేడా రాదు.) ఊరు మొత్తానికి ఒక పన్ను అంకె కాక, ప్రతి రైతుకూ విడిగా ఒక వరుస ఉండడమే రైత్వారీ అని నా అవగాహన. అయితే ఆ వరుసను వ్రాసేదీ చదివి చెప్పేదీ కరణమే. చదువురాని రైతుకు తన వరుసలో ఏమున్నదో కరణం నోటివెంట వినవలసిందే. 1984లో వంశపారంపర్య కరణీకం రద్దయ్యేదాకా పల్లెల్లో ఆ స్థితి పెద్దగా మారలేదు.

ఉపాధి హామీకి ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వారి చేత సాఫ్టువేరు చేయించింది. పని అంచనా, మస్టరు, చెల్లింపు ఉత్తర్వు అన్నీ అందులోనుంచే వెలువడేవి. ఇలాంటి వ్యవస్థ ఏదైనా సరే, కచేరీలో అడిగేది చివరికి ఒక ఎక్సెల్ ఫైలునే. దానిని మనిషి తెరచి టైపు చేయకుండా ప్రోగ్రామే వ్రాయడం ఎలాగన్నది ఆ దశాబ్దపు ప్రోగ్రామర్లకు నిత్య సమస్య.

ఎక్సెల్ పాత ఫైలు మామూలు అక్షరాల ఫైలు కాదు. అది రికార్డుల దండ. ప్రతి రికార్డుకూ ముందు రెండు బైట్ల గుర్తు, తరువాత రెండు బైట్ల పొడవు, ఆ వెనుక సరుకు. ఒక గడిలో పేరు పెట్టాలంటే అడ్డువరుస సంఖ్య, నిలువువరుస సంఖ్య, రూపం, పేరు పొడవు, ఆపైన పేరు. పొడవులో ఒక్క బైటు తప్పితే ఫైలు తెరచుకోదు. ఈ ఆకృతి వివరాలను మైక్రోసాఫ్ట్ అందరికీ బాహాటంగా ప్రకటించింది 2008లో. అంతకుముందే ఓపెన్ ఆఫీస్ బృందం ఫైళ్ళను విప్పి చూసి వివరణ వ్రాసిపెట్టింది. జాన్ మెక్‌నమారా పెర్ల్ భాషలో, అపాచీ పోయ్ వారు జావాలో, ప్రోగ్రామర్లు ‘లైబ్రరీ’ అనే చిన్న పనిముట్లను తయారు చేశారు. పోయ్ వారు తమ ఎక్సెల్ విభాగానికి ‘ఘోరమైన గణనపత్ర ఆకృతి’ అన్న అర్థంలో పేరు పెట్టుకున్నారు. నవ్వుకున్నా, ఆ రికార్డులు ఒకసారి విప్పినవారు కాదనరు.

తెలుగువారికి అసలు చిక్కు పేరు దగ్గర వచ్చింది. ఎక్సెల్ 97కు ముందరి ఆకృతిలో అక్షరానికి ఒక్క బైటే చోటు. మన అక్షరం అందులో పట్టదు. తొలినాటి చిన్న లైబ్రరీలు, వెబ్‌లో చేతులు మారిన పది పంక్తుల పీహెచ్‌పీ ముక్కలు, ఆ పాత ఆకృతినే వ్రాసేవి. తేలికగా వ్రాయవచ్చు గనుక. 97 ఆకృతిలో అక్షరానికి రెండు బైట్లు వాడవచ్చు. ‘నాగమ్మ’ అన్న పేరు యూనికోడులో ఆరు సంకేతాలు, పన్నెండు బైట్లు. మెక్‌నమారా లైబ్రరీ కూడా ఆ ఆకృతికి మారిన తరువాతే యూనికోడు వ్రాయగలిగింది. ఆ ఓపిక లేక కామాలతో విడదీసిన ఫైలునే ఇచ్చినచోట, ఎక్సెల్ దానిని పాశ్చాత్య లిపిగా చదివి, ప్రతి తెలుగు అక్షరానికీ ముందు గీత పెట్టిన ఆంగ్ల ‘ఎ’నీ డిగ్రీ గుర్తునో కూడిక-తీసివేత గుర్తునో చూపేది. లేఖినిలో నాలుగు మాటలు కొట్టి మన లిపి తెరపై వెలిగినందుకు పొంగిపోయిన మనకు ఆ పిచ్చిగీతలు కొత్తవి కావు. దానికంటే ఆంగ్లలిపిలో వ్రాయడమే నయమనుకున్నవారున్నారు. అప్పుడు ఓబుళమ్మా ఓబులమ్మా ఒక్కరే అవుతారు. హ్రస్వదీర్ఘాలు పోతాయి.

సంఖ్యల సంగతి ఇంకా సూక్ష్మమైనది. ఎక్సెల్ సంఖ్యను పదిహేను అంకెలవరకే నమ్మకంగా దాచుకుంటుంది. గుర్తింపు సంఖ్య అంతకన్నా పొడవైతే చివరి అంకెలు సున్నాలైపోతాయి. పక్కపక్క ఇళ్ళవారి సంఖ్యలు ఒకటైపోతాయి. ఖాతా సంఖ్య ముందరి సున్నా రాలిపోతుంది. అది కూడవలసిన అంకె కాదు, మనిషి గుర్తు అని ప్రోగ్రామరు గ్రహించి అక్షరాల రికార్డుగా వ్రాయాలి. లైబ్రరీ ఆ వివేకం తనంతట చూపదు. పాత ఆకృతిలో ఒక పత్రానికి 65,536 వరుసలే. ఒక జిల్లా ఏడాది కూలీలెక్క అందులో ఇమడదు. 2007 ఎక్సెల్‌తో ఆ హద్దు 10,48,576కు పెరిగింది. కొత్త ఫైలు జిప్ చేసిన ఎక్స్ఎంఎల్ మూట. విప్పితే మన అక్షరాలు మామూలుగా కనబడతాయి.

ఇక చదవడం. 2005 నాటి చట్టం 17వ సెక్షను సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. మస్టరును ఊరి నడుమ చదివి వినిపించే పద్ధతి రాజస్థాన్‌లో 1994 నుంచి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జనసునవాయిలతో వచ్చినది. 2006లో అనంతపురం జిల్లాలోనే పెద్దయెత్తున సామాజిక తనిఖీ జరిగింది. 2009లో రాష్ట్రం దానికొక ప్రత్యేక సొసైటీనే ఏర్పరచింది. తనిఖీదారులు ముద్రించిన పట్టికలు చేతబట్టుకొని ఇల్లిల్లూ తిరిగేవారు. “నీ పేర ఇన్ని రోజులు పడ్డాయి, చేసినావా? డబ్బు ముట్టిందా?” అని అడిగి, జవాబును వ్రాసుకొని, ఊరి సభలోనూ ఆపైన మండలకేంద్రంలోనూ అందరిముందు చదివేవారు. కరణంగారు రైతుకు చదివి వినిపించడానికీ దీనికీ తేడా అక్కడ ఉన్నది. ఇక్కడ వినేవారు జవాబు చెప్పవచ్చు.

అలా తిరిగిన ఊళ్ళలో చనిపోయినవారి పేర్లూ, పొట్టచేతబట్టుకొని బెంగుళూరు వెళ్ళిపోయినవారి పేర్లూ మస్టర్లలో బయటపడ్డాయి. ప్రోగ్రాము దృష్టిలో ఆ వరుసల్లో లోపం లేదు. పొడవు సరిపోయింది, లిపి సరిపోయింది, మొత్తమూ సరిపోయింది. ఆ మనిషి ఊళ్ళో లేడని చెప్పినవారు ఇరుగుపొరుగువారు.