వెదురు పండించేవాళ్ళకూ పిలుపు వెళ్ళాలి

మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు యాభై ఏళ్ళు. 1976లో పోర్టు ట్రస్టు ఆధ్వర్యంలో మొదలైన ఈ రేవు గురించి ఈ సంచికలో రాయడానికి చాలా ఉంది. జెట్టీలు, మరబోట్లు, రొయ్యల ఎగుమతి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చేసిన నష్టం, 2023 నవంబరు 19 రాత్రి నలభై దాకా బోట్లను బూడిద చేసిన మంటలు. ఇవన్నీ రాయవలసినవే. నాకిచ్చిన పేజీలను మాత్రం వెదురుకు కేటాయిస్తున్నాను. ఇనుము, డీజిలు, ఐసు లెక్కలోకి వచ్చి వెదురు రాకపోతే హార్బర్ చరిత్ర సగమే రాసినట్టు.

వల వేసే బోటు డెక్కు మీద కట్టగా కట్టి పెట్టిన జెండా కర్రలుంటాయి. ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. మనిషి ఎత్తుకు మించిన బొంగు. అడుగున ఇనుప ముక్కో సిమెంటు దిమ్మో, నడుమ థర్మకోలు బెండు, కొసన నల్లగుడ్డో ఎర్రగుడ్డో. నీళ్ళలో వదిలితే అడుగు బరువుకు నిటారుగా నిలబడుతుంది. రాత్రి పరిచిన వల కొస ఎక్కడుందో తెల్లారి వెతుక్కోవడానికి అదే గురుతు. కర్ర విరిగి కొట్టుకుపోయిందంటే లక్షలు పెట్టి కొన్న వల దొరకడం కష్టం. బొంగు బోలుగా ఉంటుంది గనక తేలిక. కణుపు కణుపుకూ అడ్డుగోడ ఉంటుంది గనక ఒకచోట పగిలినా మొత్తం నీరు నిండదు. గాలికి వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. ప్లాస్టిక్ గొట్టాలు, ఫైబరు కడ్డీలు వచ్చాయి. అయినా ఆ ధరకు అంత పనిచేసేది మరొకటి దొరకదు.

హార్బర్ లేనప్పుడు ఒడ్డున తెప్పలే. తెప్ప మీద తెరచాప ఎత్తిన వాసం వెదురు. ఒడ్డుకు చేరిన చేపను మోసిన కావిడి బద్ద వెదురు. రేవు కట్టి, మరబోట్లు పెరిగి, వేలం పాటలో కొన్న చేపను ఆడవాళ్ళు తలకెత్తుకుని వీధి వీధీ తిరిగి అమ్మిన కాలంలోనూ ఆ గంపలు మేదర్లు అల్లినవే. బొంగును నిలువునా చీల్చి, లోపలి మెత్తని భాగాన్ని వేరుచేసి, పై పెచ్చును సన్నని బద్దలుగా తీసి అల్లుతారు. గంప సందుల్లోంచి ఐసు నీళ్ళు కారిపోయేవి, అడుగు చేప నానిపోయేది కాదు. ఇప్పుడు జెట్టీ నిండా ప్లాస్టిక్ క్రేట్లు. కడగడం సులువు, ఎగుమతి చేపకు శుభ్రత నియమాలు కోరేదీ అదే. ఆ మార్పు సరైనదేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ దానివల్ల ఎన్ని మేదర ఇళ్ళల్లో కత్తి పక్కన పెట్టేశారో ఈ స్వర్ణోత్సవ సమయంలోనైనా మనం అడిగి రాసుకోవాలి. ఆ పని తెలిసిన చేతులు ఇంకా మన మధ్యే ఉన్నాయి.

ఎండు చేపల దగ్గర మేదర్లకు పని మళ్ళీ దొరుకుతుంది. ఇసుక మీద ఆరబెట్టిన నెత్తళ్ళకు ఇసుక అంటుకుంటుంది, రేటు పడిపోతుంది. వెదురు బద్దలతో మంచె కట్టి దాని మీద పరిస్తే కిందినుంచి కూడా గాలి తగులుతుంది, తొందరగా ఎండుతుంది, చేప శుభ్రంగా ఉంటుంది.

ఇక కొండ సంగతి. మనకు దగ్గర్లో వెదురున్నది తూర్పు కనుమల్లో. పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి అడవుల్లో ముఖ్యంగా రెండు రకాలు. సన్నగా, గట్టిగా పెరిగే సాధనపు వెదురు ఒకటి. లావుగా, బోలుగా పెరిగే ముళ్ళ వెదురు మరొకటి. వానలకు నేలలోంచి పొడుచుకొచ్చే మొలకను మన్యంలో వెదురు కొమ్ము అంటారు, సంతలో అమ్ముతారు, కూర వండుకుంటారు. తుంచకుండా వదిలేస్తే రెండు మూడు నెలల్లో పూర్తి ఎత్తుకు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఎత్తూ పెరగదు, లావూ పెరగదు. గట్టిపడటానికి మాత్రం మూడేళ్ళు పడుతుంది. తెలిసినవాడు పొద లోపలి ముదురు బొంగులే కోస్తాడు, అంచున ఉన్న లేతవాటి జోలికి పోడు. అదీ చలికాలంలోనే. అప్పటికి పొద తన పిండి పదార్థాన్ని కొత్త మొలకలకు ఖర్చుపెట్టి ఉంటుంది, బొంగుకు పుప్పి పట్టే భయం తగ్గుతుంది. కోసి నీడన ఆరబెడితే మార్చి నాటికి పనికొస్తుంది.

మన దగ్గర వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. బోట్లు ఒడ్డెక్కేదీ, మరమ్మతులు జరిగేదీ, కొత్త జెండా కర్రలు సిద్ధం చేసుకునేదీ అప్పుడే. కొండ మీద వెదురు ఆరి సిద్ధమయ్యే నెల వెంటే ఒడ్డున దాని అవసరం పడే నెల వస్తోంది. ఇంత చక్కగా కుదిరిన కాలాన్ని వాడుకోకపోవడానికి కారణం ఒక్కటే. కోసేవాడికి బోటు యజమాని తెలియదు, బోటు యజమానికి కోసేవాడు తెలియడు. పచ్చి వెదురు, లేత వెదురు, పుచ్చిన వెదురు కొని ఏడాది తిరక్కుండానే పారేస్తున్నాం.

కొండవాళ్ళకు వెదురు మీద హక్కు దక్కడానికి చాలా కాలం పట్టింది. గోదావరి మీదుగా తెప్పలు కట్టి రాజమండ్రికి దించిన వెదురును కోసినవాళ్ళు కొండరెడ్లు. వాళ్ళు కలప, వెదురు వ్యాపారుల చేతుల్లో ఎలా నలిగారో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1945లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. తర్వాత దశాబ్దాలపాటు రాజమండ్రి, కాగజ్‌నగర్ కాగితపు మిల్లులకూ వెదురు వెళ్ళింది. 1927 నాటి భారత అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కగట్టింది, అది గడ్డిజాతి మొక్క అయినా సరే. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, సేకరించి అమ్ముకునే హక్కు అడవిబిడ్డలకిచ్చింది. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా గ్రామం 2011లో ఆ హక్కును చేతిలోకి తీసుకుని చూపించింది. 2017లో కేంద్రం చేసిన సవరణతో అడవి బయట పెంచిన వెదురు కేంద్ర చట్టంలో చెట్టు కాకుండా పోయింది. గట్ల మీద, బీడు చెక్కల్లో రైతు వెదురు నాటడానికి ఇదే మంచి సమయం.

నాటేవాళ్ళు ఒకరినొకరు కలుసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒకే మూలం నుంచి వచ్చిన వెదురు పొదలు ఎక్కడ నాటినా ఇంచుమించు ఒకేసారి పూస్తాయి, పూశాక చచ్చిపోతాయి. మిజోరంలో 1958-59లోనూ, మళ్ళీ 2006-07 ప్రాంతంలోనూ వెదురు పూసి, ఆ గింజలకు ఎలుకలు పెరిగి, పంటలు నాశనమయ్యాయి. ఒకే నర్సరీ మొక్కలతో తోటలన్నీ నింపితే అన్నీ ఒకేసారి పోతాయి. వేర్వేరు చోట్ల దుంపలు మార్చుకుంటేనే భద్రత. అలా చేసినవాళ్ళున్నారు. 1979లో కాలిఫోర్నియాలో మొదలైన అమెరికా వెదురు సంఘం సభ్యులు రకరకాల వెదురు జాతులను సేకరించి, పెంచి, పంచుకుంటూ వచ్చారు. ప్రపంచ వెదురు మహాసభ 2004లో ఢిల్లీలో జరిగింది. 2009లో బ్యాంకాక్ సభ సెప్టెంబరు 18ని ప్రపంచ వెదురు దినంగా ప్రకటించింది.

ఆ రోజును ఏటా మన హార్బర్‌లో జరుపుకోవాలని నా ప్రతిపాదన. సెప్టెంబరు మధ్యకు కోత ఇంకా మొదలవదు. బోటు యజమాని తనకెన్ని బొంగులు, ఎంత పొడవు, ఎంత లావు కావాలో చెప్పి బయానా ఇస్తే, రైతు చలికాలంలో అవే ఏరి కోస్తాడు. మేదర్లు మంచెలు కట్టి చూపించాలి. వెదురుకు మందు పట్టించే విషయంలో శాస్త్రజ్ఞుల సాయం కూడా కావాలి. బోరాక్సు ఇంట్లో వాడే వెదురును కాపాడుతుంది, సముద్రపు నీళ్ళలో కడుక్కుపోతుంది. సముద్రపు పురుగులు కలపను ఎలా తొలుస్తాయో విశాఖలోనే ఏళ్ళ తరబడి పరిశోధన జరిగింది. ఆ అనుభవం జెండా కర్రకు ఉపయోగపడాలి. 2022 నవంబరులో శంకుస్థాపన జరిగిన హార్బర్ ఆధునికీకరణ పూర్తయితే రోజుకు 150 టన్నులున్న సామర్థ్యం 300 టన్నులకు పెరుగుతుందని చెప్పారు. అందులో ఎండబెట్టే మంచెలకు, కర్రలు నిలవ చేసే నీడకు కూడా కాస్త జాగా అడగాలి.

మొదటి ఏడాది పాడేరు నుంచి పదిమంది, మేదర ఇళ్ళ నుంచి పదిమంది, బోటు యజమానులు పదిమంది వస్తే చాలు. షామియానా కూడా అక్కర్లేదు. పాట అయిపోయాక వేలం షెడ్డు కడిగి పెడితే అందరం అక్కడే కూర్చోవచ్చు.