మైలిన్ ప్రోటీన్ జీరో

మైలిన్ ప్రోటీన్ జీరో లేదా పి-జీరో, మెదడు, వెన్నుపాములకు వెలుపలనున్న నరాల మైలిన్ తొడుగులోని ప్రధాన గ్లైకోప్రోటీను, అనగా చక్కెర గొలుసు అతికియున్న మాంసకృత్తు. దీనిని ష్వాన్ కణాలు తయారుచేస్తాయి. పేరులో సున్న ఉన్నప్పటికీ ఆ తొడుగులోని మాంసకృత్తులలో సగానికి పైగా ఇదే.

గుర్తించిన విధానం

ఇది గ్లైకోప్రోటీనేనని ఎవర్లీ, బ్రేడీ, క్వార్ల్స్ 1973లో ఎలుక సయాటిక్ నరంపై జరిపిన పరిశోధనలో చూపారు. మైలిన్‌ను డిటర్జెంటులో కరిగించి, విద్యుత్తు సాయంతో జెల్ గుండా నడిపిస్తే మాంసకృత్తులు అణుభారాన్ని బట్టి పట్టీలుగా విడిపోతాయి. పి-జీరో పట్టీ సుమారు 30 కిలోడాల్టన్ల వద్ద కనిపిస్తుంది. కూమాసీ నీలి రంగు మాంసకృత్తులన్నిటికీ పడుతుంది కనుక దానివల్ల చక్కెర ఉనికి తెలియదు. పెరయోడిక్ ఆమ్లంతో ఆక్సీకరించి షిఫ్ కారకం కలిపితే చక్కెర ఉన్న మాంసకృత్తుల పట్టీలే గులాబీ వర్ణం పొందుతాయి. ఇంతకంటె సున్నితమైనది రేడియోధార్మిక ఫ్యూకోజ్ పద్ధతి. నరం ఆ చక్కెరను ఏ మాంసకృత్తుకు అతికించిందో రేడియోధార్మికతను బట్టి తెలుస్తుంది. సుమారు 100 కిలోడాల్టన్ల 'మాగ్' వంటి, అత్యల్పంగా ఉండే గ్లైకోప్రోటీనులు పట్టుబడడానికి ఇటువంటి పద్ధతే తోడ్పడింది.

ప్రాముఖ్యత

పి-జీరో మైలిన్ పొరలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచుతుంది. దీని జన్యువులోని మార్పులే చార్కో-మరీ-టూత్ వ్యాధి 1బి రకానికి కారణమని 1993లో తేలింది. ఈ వంశపారంపర్య వ్యాధిలో పాదాలు, చేతుల కండరాలు క్రమంగా బలహీనమవుతాయి.