తెప్ప మీద ఇద్దరు, ఒడ్డున పదిహేనుమంది

సముద్రం మధ్య చిక్కుకుపోయిన మనిషి కథ పిల్లల సాహిత్యంలో పాతది. ఓడ మునగాలి. ఒకరిద్దరు తప్ప అందరూ పోవాలి. ఒక దీవి దొరకాలి. అక్కడ నిప్పు రాజెయ్యడం దగ్గర్నుంచీ బతుకు మళ్ళీ మొదలు కావాలి. ఇలాంటి కథ చదువుతున్నంతసేపూ మనం అడిగే ప్రశ్న ఒక్కటే: వాడు బతికాడా, లేదా? ఆ ఓడ ఎవరిది, ఏ పని మీద బయలుదేరింది, దాన్ని నడిపినవాళ్ళు ఎవరు అని అడగం. అడగకుండా చదివించడమే ఈ కథల బలం. నా దృష్టిలో వాటి రాజకీయం కూడా అదే.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఇంగ్లీషు నాన్‌డిటైల్డుగా ‘రాబిన్సన్ క్రూసో’ సంక్షిప్త ప్రతి చదివాను. మేకలు, గొడుగు, చిలక, ఇసుకలో అడుగుజాడ అన్నీ జ్ఞాపకం ఉన్నాయి. ఎం.ఏ. చదివే రోజుల్లో అసలు పుస్తకం చేతికొచ్చింది. 1719 నాటి ఆ నవలలో క్రూసో ఓడ మునిగింది బ్రెజిల్ తోటలకు ఆఫ్రికా నుంచి బానిసలను దొంగచాటుగా తేవడానికి వెళుతూండగా. అంతకుముందు తనతోపాటు చెర నుంచి తప్పించుకువచ్చిన జ్యూరీ అనే కుర్రవాణ్ణి అరవై వెండి నాణేలకు ఒక పోర్చుగీసు కప్తానుకు అప్పగిస్తాడు. మా నాన్‌డిటైల్డులో మేకలకు చోటు దొరికింది గాని జ్యూరీకి దొరకలేదు. సంక్షిప్తం చేసేవాడి కత్తెర ఎక్కడ పడుతుందో చూస్తే చాలు, వాడి చరిత్ర దృష్టి తెలిసిపోతుంది.

తర్వాత నూట నలభై ఏళ్ళకు బాలంటైన్ ‘కోరల్ ఐలాండ్’ రాశాడు. ముగ్గురు ఇంగ్లీషు కుర్రాళ్ళు, పసిఫిక్ దీవి, చుట్టూ ‘అనాగరికులు’. సామ్రాజ్యానికి కావలసిన కుర్రకారును తయారుచేసే పుస్తకం అది. ఆ నమ్మకాన్ని 1954లో గోల్డింగ్ ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’తో బద్దలుకొట్టాడు. దాని గురించి మనవాళ్ళు కావలసినంత రాశారు కనుక ఇక్కడ ఆగను. నేను చెప్పదలచింది ఈ వరసలో కొంచెం చిన్న పీట మీద కూర్చునే పుస్తకం గురించి. అమెరికన్ రచయిత థియొడోర్ టేలర్ 1969లో ప్రచురించిన ‘ది కే’. ‘కే’ అంటే పగడపు దిబ్బ మీద ఏర్పడిన చిన్న ఇసుక లంక.

కథ టూకీగా ఇది. 1942. కరేబియన్ సముద్రంలో డచ్చివాళ్ళ వలస అయిన కురసావ్ దీవి. అక్కడి విలెమ్‌స్టాడ్ పట్నంలో ఫిలిప్ అనే పదకొండేళ్ళ తెల్లపిల్లవాడు. తండ్రి అమెరికన్, రాయల్ డచ్ షెల్ నూనెశుద్ధి కర్మాగారంలో నిపుణుడు. జర్మన్ జలాంతర్గాములు వచ్చిపడడంతో తల్లి భయపడి కొడుకును తీసుకుని ఓడ ఎక్కుతుంది. ఏప్రిల్ మొదటివారంలో ఆ ఓడను జర్మన్లు ముంచేస్తారు. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు కళ్ళు తెరిచేసరికి తెప్ప మీద ఉంటాడు. పక్కన తిమోతి అనే డెబ్భై దాటిన నల్లజాతి నావికుడు, ఒక పిల్లి. కొద్దిరోజుల్లోనే ఫిలిప్‌కు చూపు పోతుంది. నల్లవాళ్ళు వేరు, మనం వేరు అని తల్లి దగ్గర నేర్చుకున్న పిల్లవాడు, ఏ రంగూ కనిపించని స్థితిలో ఒక నల్లవాడి చెయ్యి పట్టుకుని బతకవలసి వస్తుంది.

తిమోతి అతన్ని జాలితో కూర్చోబెట్టడు. తీగలతో మోకు పేని గుడిసె నుంచి ఒడ్డుకు కడతాడు, గుడ్డివాడు దాన్ని పట్టుకుని ఒంటరిగా నడిచి రావాలని. చేపలు పట్టడం నేర్పుతాడు. రోజుకొక గులకరాయి డబ్బాలో వేసి తేదీలు లెక్కపెడతాడు. చివరికి తుపానులో పిల్లవాణ్ణి తాటిజాతి చెట్టుకు కట్టి, తన వీపు అడ్డం పెట్టి, తాను చచ్చిపోతాడు. నాకు నచ్చిన ఘట్టం మాత్రం తుపాను కాదు. విమానాలకు కనిపించేలా రాళ్ళతో ‘సాయం’ అన్న మాట ఇసుకలో పేర్చాలి. తిమోతి ఏదో సాకు చెబుతాడు. అతనికి చదువు రాదని పిల్లవాడు అప్పుడు గ్రహించి, అక్షరాలను ఇసుకలో తన వేలితో గీసి చూపిస్తాడు. అవమానపరచకుండా చూపిస్తాడు. గుడ్డి పిల్లవాడు రాయగలడు, చూపున్న ముసలివాడు చదవలేడు. బడిపంతులుగా నేను ఈ రెండు పేజీల దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను.

అయితే ఈ నవలను చరిత్రగా చదవమని మిత్రులను కోరుతున్నది ఈ ఘట్టం కోసం కాదు, తొలి అధ్యాయాల్లో వచ్చే ఒక చిన్న ప్రస్తావన కోసం. చైనా నావికులు యుద్ధనౌకల కాపలా లేకుండా ఓడ కదిలించేది లేదన్నారని, దాంతో ఏడు రోజులు వంతెన దాటి ఒక్క ఓడా పోలేదని, పట్నమంతా దిగులు కమ్మిందని పిల్లవాడు చెబుతాడు. నూనె ఆగిపోతే ఇంగ్లండుకూ ఆఫ్రికా ఎడారిలోని సైన్యానికీ పెట్రోలు అందదని తండ్రి వివరిస్తాడు. కథ ముందుకు పోతుంది. చైనా నావికులు మరి కనిపించరు.

ఎవరు వీళ్ళు? వెనెజులాలో మరకైబో సరస్సు అడుగున అపారమైన నూనె ఉంది. సరస్సు ముఖద్వారం దగ్గర ఇసుక మేట వల్ల పెద్ద ఓడలు లోపలికి రాలేవు. అందుకని లోతు తక్కువ నీళ్ళలో నడిచే చిన్న టాంకర్లతో ముడినూనె బయటకు తెచ్చి, ఎదురుగా ఉన్న కురసావ్, అరూబా దీవుల్లో శుద్ధి చేసేవారు. యుద్ధకాలంలో ఈ రెండు దీవులు ప్రపంచంలోకెల్లా ముఖ్యమైన నూనె కేంద్రాల్లో చేరాయి. కురసావ్ కంపెనీ టాంకర్ల కొలుముల దగ్గర ఆవిరిలో పనిచేసినవాళ్ళు చాలామంది చైనీయులు. 1942 ఫిబ్రవరి 16 తెల్లవారకముందే జర్మన్ జలాంతర్గాములు ఈ దీవుల మీద విరుచుకుపడ్డాయి. అరూబా రేవులో టాంకర్లు తగలబడ్డాయి, సముద్రంలో ఉన్న సరస్సు టాంకర్లు మునిగాయి. ముడినూనె ఓడ మీద టార్పెడో పడితే కింద కొలిమి దగ్గర ఉన్నవాడి గతి ఏమిటో వేరే చెప్పాలా? రక్షణ లేకుండా ఎక్కం అన్నారు ఆ నావికులు.

వాళ్ళను పట్టుకుని శిబిరంలో నిర్బంధించారు. ఏప్రిల్ 20న ఆ శిబిరంలో పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేనుమంది చైనా నావికులు చనిపోయారు. చాలామంది గాయపడ్డారు. అప్పటికి హాలెండు హిట్లరు సైన్యాల కింద ఉంది, డచ్చి ప్రభుత్వం లండన్‌లో తలదాచుకుంటోంది. తమ దేశం చెరలో ఉన్నా, వలసలో మాత్రం తుపాకి పాత పద్ధతిలోనే పేలింది.

ఇప్పుడు నవలలోని తేదీలు పక్కన పెట్టి చూడండి. ఫిలిప్ ఓడ మునిగింది ఏప్రిల్ మొదటివారంలో. అతను బయటపడింది ఆగస్టులో. అంటే విలెమ్‌స్టాడ్‌లో కాల్పులు జరిగిన రోజున ఫిలిప్, తిమోతి లంక మీద ఉన్నారు. ఆ రోజుకు కూడా తిమోతి ఒక గులకరాయి డబ్బాలో వేసే ఉంటాడు. ఫిలిప్ తండ్రి మాత్రం ఊళ్ళోనే, ఆ నూనె కంపెనీలోనే ఉన్నాడు. నవల పిల్లవాడి వెంట పోయింది కనుక కాల్పులను చూడలేదు, ఇది శిల్పానికి సంబంధించిన సంగతి అని ఒకరు అనవచ్చు. నిజమే, పదకొండేళ్ళవాడి కంఠంతో చెప్పే కథ వాడికి తెలియనిది చెప్పలేదు. కాని వాడు ఆగస్టు తర్వాత తిరిగి ఊరికి వచ్చాడు. రేవులో, అంగడి వీధిలో నల్లవాళ్ళతో కూర్చుని కబుర్లు చెప్పాడు. తిమోతిని ఎరిగినవాళ్ళు కూడా కొందరు తగిలారు. చైనా నావికుల మాట మాత్రం అక్కడా రాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయడం మనకు తగదు. అది ఫాసిజాన్ని ఓడించవలసిన యుద్ధం. నూనె ఆగితే లాభపడేది హిట్లరు. మరి సమ్మె న్యాయమా? ఈ ప్రశ్న వేసుకుని చాలాకాలం తడబడ్డాను. కాని వాళ్ళు అడిగినదేమిటో చూడాలి. యుద్ధం వద్దనలేదు, కాపలా ఓడ కావాలన్నారు. ఆ సంవత్సరం మధ్యకు వచ్చేసరికి మిత్రరాజ్యాల నౌకాదళాలే కరేబియన్‌లో ఓడలను గుంపులుగా, కాపలాతో నడిపే పద్ధతి పెట్టుకున్నాయి. ఫిబ్రవరిలో కొలిమి దగ్గరివాడు చెప్పినది జూలైకి అడ్మిరల్‌కు తెలిసివచ్చింది. ముందుగా చెప్పినవాళ్ళకు దక్కింది తుపాకి గుండు.

సముద్రం మీద నిజంగా నిలిచి గెలిచినవాడి సంగతి కూడా ఈ సందర్భంలోనే చెప్పాలి. అదే సంవత్సరం నవంబరు 23న అట్లాంటిక్‌లో ‘బెన్‌లోమండ్’ అనే బ్రిటిష్ ఓడ మునిగింది. అందులో సేవకుడిగా ఉన్న పూన్ లిమ్ అనే చైనా యువకుడు ఒక్కడే తెప్ప మీద 133 రోజులు బతికాడు. టార్చిలైటులోని తీగతో గాలం చేసుకుని చేపలు పట్టాడు. 1943 ఏప్రిల్‌లో బ్రెజిల్ తీరం దగ్గర జాలరులు రక్షించారు. బ్రిటిష్ ప్రభుత్వం పతకం ఇచ్చింది. తర్వాత అమెరికాలో స్థిరపడాలనుకుంటే, ఏటా 105 మంది చైనీయులకే ప్రవేశం అనే నిబంధన అడ్డొచ్చింది. చివరకు ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది. ఆ యుద్ధంలో బ్రిటిష్ ఓడల మీద పనిచేస్తూ ఆరువేలకు పైగా భారతీయ నావికులు కూడా చనిపోయారు. లాస్కర్లు అని పిలిచేవారు వాళ్ళను. జీతం తెల్ల నావికుడి జీతంలో చిన్న భాగం. సముద్రంలో చిక్కుకున్నవాళ్ళ చరిత్ర అంటే ఎక్కువ భాగం వీళ్ళ చరిత్రే. నవలల్లోకి వచ్చేసరికి తెప్ప మధ్యలో తెల్లపిల్లవాడు కూర్చుంటాడు.

మళ్ళీ తిమోతి దగ్గరికి వద్దాం. టేలర్ ఈ నవలను డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ కలకు అంకితం చేశాడు. కింగ్ హత్య జరిగి ఏడాది. రచయిత ఉద్దేశం మీద నాకు అనుమానం లేదు. 1970లో పుస్తకానికి జేన్ ఆడమ్స్ బాలసాహిత్య పురస్కారం వచ్చింది. తర్వాత నల్లజాతి పిల్లల పుస్తకాల గురించి పట్టించుకునే విమర్శకులు గట్టిగా నిలదీశారు. తిమోతికి కుటుంబం లేదు, గతం లేదు, కోపం లేదు, తెల్లపిల్లవాణ్ణి బతికించడం తప్ప వేరే కోరిక లేదు అన్నారు. పురస్కారం ఇవ్వడమే పొరపాటన్న మాట నిర్వాహకుల్లోనే వచ్చాక, 1975లో టేలర్ దాన్ని తిరిగి పంపేశాడు. రచయితకు కష్టం కలిగిందని విమర్శ తప్పు కాదు. తిమోతికి కోపం లేదన్న మాట ఒక్కటి మాత్రం పూర్తిగా ఒప్పుకోను. పిల్లవాడు రంగు పేరెత్తి తూలనాడినప్పుడు ముసలివాడు చెంప ఛెళ్ళుమనిపిస్తాడు. మిగతా ఆక్షేపణ నిలుస్తుంది.

ఈ నవలను నేను మా తొమ్మిదో తరగతికి తెలుగులో చెబుతూ ఉంటాను. మాది సముద్రం చూడని ఊరు. తిమోతి పిల్లవాణ్ణి ‘యంగ్ బాస్’ అంటాడు. దాన్ని నేను ‘చినదొరా’ అని చెబుతాను, వేరే మాట వెతుక్కోనక్కర్లేదు. ఇంటిపేరు అడిగితే తనకున్నది ఒక్క పేరేనంటాడు తిమోతి. ఒకసారి ఆ మాట దగ్గర ఒక ఆడపిల్ల లేచి, “ఇంటిపేరు ఎందుకు లేదు సార్? వాళ్ళ తాత పేరైనా తెలీదా?” అని అడిగింది. ఆ పిల్ల తాతను ఊళ్ళో ఎలా పిలిచేవారో నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. నాకు ఆ క్షణాన జవాబు తోచలేదు.

ఇంటికి వెళ్ళి లెక్క వేశాను. తిమోతి పెరిగినది సెయింట్ థామస్ దీవిలో. అది అప్పుడు డెన్మార్కు వలస. అక్కడ బానిసత్వం రద్దయింది 1848లో. 1942లో డెబ్భై దాటినవాడు పుట్టింది 1870 ప్రాంతంలో. అంటే అతని తాత తరం ఎవరో ఒకరి ఆస్తి. ఆస్తికి ఇంటిపేరు ఉండదు. అతను పసివాడుగా ఉండగా, 1878లో, పక్కనే ఉన్న సెయింట్ క్రోయ్ దీవిలో చెరుకుతోటల కూలీలు తిరగబడి తోటలు తగలబెట్టారు. 1917లో డెన్మార్కు ఆ దీవులను మనుషులతో సహా రెండున్నర కోట్ల డాలర్లకు అమెరికాకు అమ్మేసింది. ఒక మనిషి నౌకరీ చేస్తూ ఉండగానే అతని దేశం చేతులు మారింది. ఇదంతా తిమోతి గతం. 1969 నవలలో దీని జాడ లేదు. 1993లో టేలర్ ‘తిమోతి ఆఫ్ ది కే’ అని మరో పుస్తకం రాసి, అందులో తిమోతి చిన్నతనాన్ని, సొంత ఓడ కావాలన్న అతని కలను చెప్పాడు. విమర్శ రచయితను కదిలించిందనడానికి అంతకంటె రుజువు అక్కర్లేదు. చైనా నావికులకు అలాంటి రెండో పుస్తకం ఆయన రాయలేదు.

మర్నాడు క్లాసులో ఈ లెక్క బోర్డు మీద వేశాను. పిల్లలు తేదీలు రాసుకున్నారు. 1942 ఏప్రిల్ 20 కూడా రాయించాను. ఆ ఆడపిల్ల నోటుబుక్కులో ఆ తేదీ కింద ‘పదిహేనుమంది’ అని రాసి, పక్కన పేర్లకు చోటు వదిలింది.